మరిచిపోని లోహం

కోడి కూస్తే తెల్లవారడం మన ఊళ్ళ సంగతి. భస్మగిరి చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం కొండ మీది రసశాలలో పొగ లేస్తేనే తెల్లవారినట్టు. ఒకనాడు ఆకుపచ్చ పొగ, ఒకనాడు ఊదారంగు పొగ. గంధకం కాల్చిన రోజైతే పల్లె పల్లెంతా ముక్కుకు గుడ్డ కట్టుకుని రసాచార్యుడు కపిలజటుణ్ణి తాతముత్తాతల దాకా తిట్టిపోసేది. మనసులోనే లెండి! ఆ మాంత్రికుణ్ణి పైకి తిట్టి బతికి బట్టకట్టినవాడు అప్పటికి ఎవడూ లేడు.

ఇక ఆ రసశాల లోపలి వైభోగం చెప్పాలంటే ఒక నోరు చాలదు. నల్లరాతి స్తంభాల నడుమ బారులు తీరిన గాజుకుప్పెలు. మెడలు వంచి బొట్టు బొట్టుగా ద్రావకాలు వదిలే బట్టీపాత్రలు. రాతితొట్లలో పాదరసం, ఆ పాదరసంలో వణికే సూర్యబింబాలు. ఒక గోడనిండా మైలుతుత్తం నీలాలు, ఇంగిలీకం ఎరుపులు, హరిదళం పసుపులు. ఇంకో గోడవారన పటిక, నవసారం, సురేకారం తెల్లతెల్లగా రాసులు పోసి ఉండేవి. మధ్యలో ఆరడమన్నది ఎరగని కొలుములు. కంటికి ఎంత సొగసో కడుపులోకి వెళితే అంత విషం, అందుకని అక్కడ పనిచేసేవాళ్ళు చెయ్యి కడుక్కోకుండా మంచినీళ్ళు కూడా ముట్టేవాళ్ళు కాదు.

ఆ ఉదయం అక్కడ తిత్తులు తొక్కుతున్న ఉలవయ్య అనే కూలివాణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. మొహాన మసి, రేగిన జుట్టు, మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచె. ఆ మసి కాస్త కడిగితే బయటపడేది ఎవరనుకున్నారు? హిరణ్యతటం రాజకుమారుడు మణికేతుడు!

రాజకుమారుడికి తిత్తులు తొక్కే ఖర్మేమిటంటారా? కిందటేడు యుద్ధంలో భస్మగిరి సేన హిరణ్యతటం చేతిలో చిత్తుగా ఓడింది. ఓడినవాళ్ళు ఊరుకోక, స్నేహానికి గుర్తంటూ కపిలజటుడి చేత ఒక కిరీటం చేయించి పంపారు. వెండికన్నా తెలుపు, ఉక్కుకన్నా గట్టి. మణికేతుడి అక్క ఇందుకళకు ఆ కిరీటంతోనే పట్టాభిషేకం జరపాలని పెద్దలు నిర్ణయించారు. "పాముకు మనం పాలు పోశామంటే అర్థముంది. పామే మనకి పాలు పంపితే తాగేస్తామా?" అని మణికేతుడు సభలో నెత్తీనోరూ బాదుకున్నాడు. పెద్దలు నవ్వేశారు. తల్లీతండ్రీ పోయాక తనను ఒళ్ళో పెట్టుకుని పెంచిన అక్క ఆమె. ఆమె తలమీదికి ఏం వస్తోందో తెలుసుకోకపోతే అతనికి ముద్ద దిగేట్టు లేదు. అందుకే వేషం మార్చి శత్రువు కొంపలోనే దూరాడు. దూరాడు సరే, లోహం గుట్టు తేలకముందే పట్టాభిషేకం నాడు రానే వచ్చింది. ఇవాళ మధ్యాహ్నమే ముహూర్తం.

తెల్లవారుజామున ఆచార్యుడి పెట్టెలోంచి ఆ లోహపు రేకు ముక్క ఒకటి కొట్టేశాడు మణికేతుడు. స్తంభం చాటున కూర్చుని దాన్ని గంధక ద్రావకంలో ముంచాడు, నురగ రాలేదు. సూదంటురాయి చూపించాడు, కదల్లేదు. సుత్తితో కొట్టాడు, చలించలేదు. వంచాడు, వంగింది. వంచినట్టే ఉండిపోయింది.

"నిప్పులో పెట్టి చూశావా?"

వెనకనుంచి గొంతు వినబడగానే మణికేతుడు రేకును గుప్పిట్లో దాచి తిరిగి చూశాడు. మందారిక! రసశాలలో లవణాల గది ఆమెది. ఏ ఉప్పు ఎంత వేడికి కరుగుతుందో, ఏ రెండు కలిపితే ఏం పుడుతుందో తేల్చి చెప్పడం ఆమె పని. ఆమె తేల్చినవన్నీ తన మంత్రబలమని రాజుగారికి చెప్పుకోవడం కపిలజటుడి పని.

"అబ్బే, నిప్పా? తలకెక్కే లోహం కదమ్మా, నిప్పు ముట్టించకూడదు..." అనేసి మణికేతుడు నాలిక కరుచుకున్నాడు.

మందారిక కళ్ళు చికిలించింది. "ఓహో! హిరణ్యతటం బాపతా నువ్వు? తలమీద పెట్టుకునేదాన్ని నిప్పు ముట్టుకుంటే ఎంగిలి అనేది ఆ ఊరివాళ్ళే!"

నిజమే, ఆ రాజ్యంలో అదొక పట్టింపు. అగ్ని ముందుగా రుచి చూసిన వస్తువు రాజుల తలకు పనికిరాదు. మరి కొలిమిలో కరగకుండా కిరీటం ఎలా తయారైందయ్యా అని ఎవడైనా అడిగితే, "తయారయ్యాక ముట్టకూడదురా వెధవా!" అని కసిరేవాళ్ళు. ఆస్థాన పరీక్షకులు కిరీటాన్ని గీటురాయి మీద గీశారు, నీళ్ళలో తూచారు, సుత్తితో కొట్టారు, భేషన్నారు. నిప్పు జోలికి మాత్రం పోలేదు. ఇంత అనుమానపడి, ఇంతదూరం వచ్చి, కొలిమి పక్కనే బతుకుతున్న మణికేతుడికి కూడా ఆ చెయ్యి నిప్పు వైపు సాగలేదంటే పెంపకం అలాంటిది మరి.

"ఎంగిలీ లేదు, గింగిలీ లేదు. ఇలా తే!" అంటూ ఆమె పట్టకారుతో రేకును కొలిమి సెగకు చూపించింది.

వంగిన రేకు ఒక్క ఉదుటున విదిల్చుకుని తిన్నగా నిలబడింది! ఇద్దరూ నోళ్ళు తెరిచారు.

"శభాష్ శిష్యురాలా! పాఠం త్వరగానే పట్టావు."

ద్వారంలో కపిలజటుడు. రాగిరంగు జడలు, పట్టు అంగరఖా, ప్రయాణానికి సిద్ధంగా చేతిలో కొరడా. వెనక భటులు.

"ఒరేయ్ ఉలవయ్యా! పెట్టె తాళం మీద మసి వేళ్ళు చూసినప్పుడే అనుకున్నాను. మొహం కడగండిరా వీడికి!" అన్నాడు. భటులు కడిగారు. చూసి పకపక నవ్వాడు. "ఆహా, యువరాజావారు! అక్కగారి ముహూర్తానికి నేను బయల్దేరుతున్నాను. తమరు ఇక్కడే విశ్రమించండి. ఈ పిల్ల తోడుంటుంది."

"ఏం, నేనేం చేశాను?" అంది మందారిక. "నువ్వు అడిగిన పాళ్ళన్నీ తూచి పెట్టాను. ఎందుకని అడిగితే చెప్పావా?"

"రసశాలలో అడిగేవాణ్ణి నేను. మీరంతా చెప్పేవాళ్ళు."

"అయితే ఇదీ చెబుతున్నా విను. ఇనపరజను మీద ద్రావకం పోసి తేలికగాలి పుట్టించింది నేను. దాన్ని నీ మంత్రమని దర్బారులో చూపించుకున్నావు. దొంగా!"

భటులు రెండడుగులు వెనక్కి వేశారు. పైకి తిట్టిన మొదటి మనిషి ఆమే మరి! కపిలజటుడి మొహం జేవురించింది. "ఇద్దరినీ ఉప్పుకొట్టులో పారెయ్యండి. వీడికి కంకణాలు తొడగండి. కిరీటం సంగతి ఏమిటో వాడి మణికట్టే వాడికి చెబుతుంది!" అని, విసురుగా రథమెక్కి వెళ్ళిపోయాడు.

కొట్టు తలుపు ధడాలున మూసుకుంది. మణికేతుడు చేతులు చూసుకున్నాడు. తెల్లటి కంకణాలు రెండూ గొలుసుతో కలిసి ఉన్నాయి, కాని వదులుగానే ఉన్నాయి. "ఇంతేనా!" అనుకుని చెయ్యి లాక్కోబోయాడు. రాలేదు. మళ్ళీ గుంజాడు. ఎక్కడినుంచి వచ్చిందో గాని బిగువు వచ్చేసింది. పళ్ళబిగువున పెనుగులాడాడు, చెమటలు కక్కాడు. గుంజినకొద్దీ కంకణాలు కండలోకి దిగిపోయాయి. వేళ్ళు నీలమయ్యాయి.

"గింజుకోకు!" మందారిక అతని భుజాలు అదిమిపట్టింది. "గింజుకుంటే ఒళ్ళు కాగుతుంది. కాగితే అది బిగుస్తుంది. ఇందాక రేకు చూశావుగా? ఈ లోహం మరిచిపోదయ్యా. కొలిమిలో ఏ రూపాన పుట్టిందో ఆ రూపం గుర్తుపెట్టుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు సాగదీస్తే బుద్ధిగా సాగుతుంది, వేడి తగిలిందా, పుట్టిన రూపానికి పరిగెడుతుంది!"

"అంటే కిరీటం..."

"పిడికెడంత చేసి ఉంటాడు. తరవాత సాగదీసి తలకు పట్టేట్టు చేశాడు. పాళ్ళు మారిస్తే అది మేలుకునే వేడి మారుతుంది. నీ కంకణాలు ఒంటివేడికి మేలుకున్నాయి. పట్టాభిషేకంలో మీ అక్క ఎక్కడ కూర్చుంటుంది?"

కిరీటం పెట్టాక రాణి హోమకుండం ఎదుట, సెగ మొహానికి కొట్టే దగ్గరలో, పూర్ణాహుతి దాకా కదలకుండా కూర్చోవాలి. కదిలినా, కిరీటం తీసినా సింహాసనం పోయినట్టే. మంట కిరీటాన్ని ముట్టదు, సెగ మాత్రం తగులుతూనే ఉంటుంది. "అక్కయ్యా!" అని గావుకేక పెట్టి తలుపును కాలితో తన్నాడు. తలుపు ఇనపది. కదల్లేదు.

"ఏడుపు తరవాత. ముందు చేతులు." మందారిక మూలనున్న నీళ్ళబానలో సురేకారం దోసిళ్ళతో పోసింది, నవసారం గుమ్మరించింది, కర్రతో గిరగిరా తిప్పింది. ఆ ఉప్పులు కరుగుతూ కరుగుతూ నీళ్ళ వేడినంతా మింగేశాయి. బాన బయటివైపు చెమట పట్టి, పట్టుకున్నవాళ్ళ వేళ్ళు కొంకర్లుపోయేంత చల్లబడింది. మణికేతుడు చేతులు ముంచాడు. నరాలు జివ్వుమన్నాయి. కాసేపటికి, ఎంత పొగరుగా బిగిసిందో ఆ లోహం అంత మెత్తబడింది. ఒక్క గుంజుకు కంకణాలు విచ్చుకుని రాలిపడ్డాయి.

మూలనున్న కుప్పె తీసి, తలుపు సందులోంచి తాళం మీద మందారిక ద్రావకం పోసింది. ఇనుము బుసబుసలాడుతూ కరిగిపోయింది. కావలివాడు అరిచేలోగా మణికేతుడు వాడి బల్లెం లాక్కుని వాణ్ణే నవసారం రాసిలోకి తోశాడు. వాడు తుమ్ములు ఆపుకోలేక చతికిలబడ్డాడు.

"గుర్రాలు ఎక్కడ?" అన్నాడు మణికేతుడు.

"వాడి రథం ఎప్పుడో పోయింది. ఇప్పుడు మనం గుర్రమెక్కితే కొండ చుట్టూ తిరిగి, ఏరు దాటి పోయేసరికి కర్మకాండ కూడా అయిపోతుంది. పైకి రా!"

మిద్దె మీద, లక్క పట్టించిన పట్టుసంచి ఒకటి ఇల్లంత ఉబ్బి, తాళ్ళు తెంచుకుని పోవాలన్నట్టు ఊగుతోంది. కింద వెదురుబుట్ట వేలాడుతోంది.

"నా తేలికగాలి. ఈ నరకంలోంచి ఇవాళే పారిపోదామని రాత్రే నింపి ఉంచాను" అంది మందారిక, బుట్టలోకి సురేకారం మూటలు విసురుతూ. "ఎక్కు. ఒక్కమాట. దీనికి నిప్పురవ్వ తగిలిందా, మన బూడిద ఏరుకోవడానికి కూడా ఎవరూ రానక్కర్లేదు."

భటులు మెట్లెక్కి వచ్చేసరికి మణికేతుడు తాళ్ళు నరికేశాడు. బుట్ట ఒక్కసారి కిందికి జారి, చరియ తగిలి, గిరికీలు కొట్టి, పడమటిగాలి అందుకుని ఆకాశానికి లేచింది. బాణాలు చివ్వు చివ్వున వచ్చి బుట్టలో గుచ్చుకున్నాయి. సంచికి చిల్లు పడి కిందికి దిగడం మొదలయింది. బుట్టలోని పనిముట్లు, చెప్పులు, చివరికి బల్లెం కూడా విసిరేశారు. "ఆ మూటలు పారేద్దామా?" అన్నాడు మణికేతుడు. "నిన్నయినా పారేస్తాను గాని వాటిని పారెయ్యను!" అంది మందారిక. ఏటి అలలు బుట్ట అడుగును తడిపాయి. అంతలో గాలి విసిరింది, సంచి అవతలి ఒడ్డు చెట్లకొమ్మలు గీసుకుంటూ పైకి పోయింది.

అదిగో హిరణ్యతటం! బంగారు పూత పూసిన గోపురాలు, వీధి వీధికీ మామిడాకులు, అరటిబోదెలు, మేడల మీదనుంచి పువ్వులు చల్లే ఆడవాళ్ళు. కోట ముంగిట మల్లెపందిరి. పందిరి చుట్టూ కొత్త శిరస్త్రాణాలు పెట్టుకుని బారులు తీరిన సైన్యం. నడుమ హోమకుండం జ్వాలలు. దానికెదురుగా ఇందుకళ. తలమీద తెల్లటి కిరీటం.

"అయ్యో, పెట్టేశారు! ఇక్కడే దించు!"

"నిప్పు దగ్గరికి దించితే అందరం పోతాం. దూకు ఉలవయ్యా!"

ఇద్దరూ మూటలు వాటేసుకుని పందిరి మీదికి దూకారు. పందిరి కూలింది. మల్లెదండలతో సహా పురోహితుల నడుమ దభీమని పడ్డారు. బరువు దిగిన సంచి పైకెగిరి, పందిరి కొసన వెలుగుతున్న దివిటీని రాసుకుంది. ఢాం! ఆకాశం చీలినంత చప్పుడు. సభ సభంతా ఉలిక్కిపడి లేచింది. వేదిక మీద ఇందుకళ ఒక్కతే కదల్లేదు. కదిలితే రాజ్యం పోతుందని పళ్ళు కరిచి కూర్చుంది. కణతల దగ్గర చర్మం చిట్లి నెత్తురు చుక్కలు చెంపల మీదికి జారుతున్నాయి. మొదట్లో అది కిరీటం బరువే అనుకుంది పాపం, తన తండ్రి తాతలు మోసింది తాను మోయలేనా అనుకుంది.

"అక్కా! తీసెయ్! అది బిగుస్తోంది!"

"రాదురా తమ్ముడూ." ఆమె గొంతు సన్నగా వచ్చింది. "ఇందాకే కాస్త వదులు చేసుకోబోయాను. రావడం లేదు."

మందారిక అప్పటికే అభిషేకానికి ఉంచిన నీళ్ళగంగాళంలో మూటలు కుమ్మరించేసింది. పురోహితుడు "అపచారం! అపచారం!" అని అడ్డం వచ్చాడు. "తల పగిలితే కాదేమిటి అపచారం?" అని ఆయన్ని పక్కకు నెట్టింది. మణికేతుడు చెంబులతో ముంచి అక్క తలమీద గుమ్మరించాడు. ఇందుకళ కెవ్వుమంది. మంచులాంటి నీళ్ళు కిరీటం మీదినుంచి ధారలు కట్టాయి. రెండు చేతులతో పట్టి విప్పాడు. లోహం లొంగింది. కిరీటం ఊడివచ్చింది.

అతిథుల వరసలోనుంచి కపిలజటుడు ముందుకు వచ్చి చప్పట్లు కొట్టాడు. "చూశారా పెద్దలారా? పూర్ణాహుతి కాకముందే రాణీగారు కిరీటం తీసేశారు. మీ ధర్మం ప్రకారం ఈమె ఇక రాణి కాదు!"

పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆచారం ఆచారమే కదా. వృద్ధమంత్రి నసుగుతూ, "అమ్మా, శాస్త్రం..." అన్నాడు.

ఇందుకళ లేచి నిలబడింది. తడిజుట్టు మొహాన అంటుకుని ఉంది, నెత్తురు కారుతోంది. తమ్ముడి చేతిలోంచి కిరీటం తీసుకుంది.

"నిప్పు ముట్టకూడదన్నారు. అందుకేగా మీరెవరూ దీన్ని పరీక్షించలేదు? ఇప్పుడు చూడండి!"

హోమకుండంలోకి విసిరింది. మంటల్లో కిరీటం గిలగిల కొట్టుకుంది, ముడుచుకుంది, ముడుచుకుని ముడుచుకుని, అందరూ చూస్తుండగానే పసిపిల్ల పిడికిలంత అయిపోయింది. సభలో ఎవరో ఆడమనిషి భోరుమంది. మంత్రి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పండి, నేను రాణినా కాదా?" అంది ఇందుకళ. "రాజ్యం తలమీద ఉండేది కాదు, తలలో ఉండేది. కాదన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ముందుకు రండి."

ఎవరూ రాలేదు. కపిలజటుడు గుప్పెడు పొడి నేలకేసి కొట్టాడు. ఎర్రటి పొగ లేచింది. పొగ తేలిపోయేసరికి వాడు కోటగోడ మీద ఉన్నాడు.

"వెర్రివాళ్ళారా! ఒక్క కిరీటమే పంపాననుకున్నారా? మీ సైనికులు పెట్టుకున్న శిరస్త్రాణాలు ఎవరివనుకున్నారు? వర్తకుల పేరున నా బళ్ళ మీద వచ్చినవే. వాటికి హోమం అక్కర్లేదు, ఈ ఎండ చాలు!" అని కొమ్ము తీసి ఊదాడు. కోట బయటనుంచి వేల కొమ్ములు బదులు పలికాయి. భస్మగిరి సేన! తలుపుల మీద దూలం దెబ్బలు మొదలయ్యాయి.

సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. బారులో ఒక సైనికుడు నుదురు పట్టుకుని మూలిగాడు. ఇంకొకడు. వెనక ఇంకొకడు.

"తీసెయ్యండి! అందరూ! ఇప్పుడే!" ఇందుకళ అరుపు గోడల్ని తాకింది. "రానివాడు గంగాళం దగ్గరికి పరిగెత్తండి!"

సేనాని తటపటాయించాడు. "మహారాణీ, బయట బాణాలవాన కురుస్తుంది. శిరస్త్రాణం లేకుండా ఎలా..."

"నా తలమీద ఏముంది సేనానీ?"

అతను ఆమె వైపు చూశాడు. ఒట్టి తల, తడిజుట్టు, నెత్తురు. తన శిరస్త్రాణం ఊడబెరికి నేలకేసి కొట్టాడు. ఆ వెంటనే బారులు బారులుగా లోహం రాళ్ళ మీద పడి మోగింది. రానివాళ్ళ తలల మీద మందారిక గిన్నెలతో చల్లనీళ్ళు పోస్తూనే ఉంది, మణికేతుడు లాగుతూనే ఉన్నాడు. ముంగిలి నిండా తెల్లటి టోపీలు వాటంతట అవే ముడుచుకుపోతున్నాయి, వాటి మధ్య ఉత్త తలలతో సైన్యం నిలబడి ఉంది.

దూలం దెబ్బకు తలుపు గడియ ఒకటి విరిగింది. ఇందుకళ సేనాని ఒరలోంచి కత్తి లాగింది. తమ్ముడు ఒక పక్క, మందారిక ఒక పక్క నడుస్తుండగా కోటద్వారం ఎదుటికి వెళ్ళి నిలిచింది.

"తలుపులు తియ్యండి" అంది. "పాపం, పగలగొట్టే శ్రమ వాళ్ళకెందుకు?"